బంగాళాదుంప తీసెయ్, మేనత్త గురించి రాయి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన నీ నవల పీడీఎఫ్ ఫోన్లో చదవడం నా కళ్ళవల్ల కాలేదు. వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకున్నాను. షాపు కుర్రాడు మొదటి కాగితం చూసి, "ఏంటి సార్, జర్మనీ రాజు కథా? మనకెందుకు సార్?" అన్నాడు. రేపు నీ నవల పట్టుకున్న ప్రతివాడూ ఇదే అడుగుతాడు. దానికి జవాబు ముందుమాటలో రాయకు. పదో పేజీకి వచ్చేసరికి వాడు ఆ మాట మర్చిపోవాలి, అంతే.

రెండుసార్లు చదివాను. పెన్సిలు గీతలు చాలా ఉన్నాయి, కంగారు పడకు. చదువుకోడానికి జర్మనీలోని మాన్‌హైమ్ వెళ్ళినదానివి, ఒక ఆదివారం రైలెక్కి స్పెయర్ వెళ్ళి, కేథడ్రల్ కింద నేలమాళిగలో నీ కథానాయకుడు, పదమూడో శతాబ్దపు జర్మనీ రాజు హాబ్స్‌బర్గ్ రుడాల్ఫ్ సమాధి పలక ముందు నిలబడ్డావు కదా, ఆ ఒకటిన్నర పేజీ మీద మాత్రం గీత పెట్టలేదు. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు చిన్న తప్పు. మూడో పేజీలో, 1273లో, బాసెల్ నగరం ముట్టడిలో రుడాల్ఫ్ సైనికులు ఉడికించిన బంగాళాదుంపలు తింటున్నారు. కొలంబస్ ఓడ ఎక్కడానికి ఇంకా 219 ఏళ్ళుంది! ఆ దుంప అమెరికా నుంచి రావాలి. సిగ్గుపడకు. నా మొదటి చారిత్రక నవలలో కాకతీయుల సైనికుడి చేత పండుమిరపకాయ పచ్చడి తినిపించిన వాణ్ణి నేను. ఒక పెద్దాయన కార్డుముక్క రాశాడు: "అయ్యా, మిరపకాయ పోర్చుగీసు వాళ్ళతో వచ్చింది. మీ సైనికుడికి మిరియాల కారమే గతి." ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను. నీకు దుంపే కావాలంటే టర్నిప్ పెట్టు. దండయాత్రలో ఆకలేస్తే రుడాల్ఫ్ పొలంలో టర్నిప్ పీక్కుని సైనికులతో కలిసి తిన్నాడని అతని మీద ఒక కథ కూడా ఉంది.

ఇప్పుడు పెద్ద తప్పు. నీ రుడాల్ఫ్ ఒక పేద కౌంట్, అంటే ఒక చిన్న ప్రాంతపు ప్రభువు. మంచివాడు, నిదానస్తుడు, మాసిన బూడిదరంగు కోటు వేసుకుంటాడు. ఒకరోజు అర్ధరాత్రి న్యూరెంబర్గ్ కోట అధిపతి ఫ్రెడరిక్ వచ్చి "నిన్ను రాజుగా ఎన్నుకోబోతున్నారు" అంటాడు. ఈయన ఆకాశం వంక చూస్తాడు. ఇదేదో లాటరీ తగిలినట్టుంది అమ్మాయీ. ఈ 'పేద కౌంట్' అన్న మాట ఎవరిదో ఒకసారి ఆలోచించు. బొహీమియా (ఇప్పటి చెక్ దేశం) రాజు ఓటొకర్‌ది. తనకి దక్కాల్సిన కిరీటం ఎవడో అనామకుడికి పోయిందని పోప్‌కి ఫిర్యాదు చేసుకున్నవాడు అతను. ఓడినవాడి దెప్పిపొడుపు మాట పట్టుకుని నువ్వు కథానాయకుణ్ణి తయారుచేశావు. తర్వాత కాలంలో హాబ్స్‌బర్గ్ వంశం వాళ్ళకి కూడా ఈ మాట నచ్చింది. 'మా తాత వినయం చూసి దేవుడే ఇచ్చాడు' అని చెప్పుకోడానికి బాగుంటుంది కదా.

అసలు సంగతి వేరు. రుడాల్ఫ్ 1218లో పుట్టాడు. ఇల్లు ఆరే నది పక్క గుట్ట మీద చిన్న కోట, ఇప్పటి స్విట్జర్లాండ్‌లోని ఆర్గావులో. తండ్రి క్రూసేడ్‌కి వెళ్ళి అక్కడే పోయాడు. 22 ఏళ్ళు వచ్చేసరికి ఇంటి భారం ఇతనిది. అక్కణ్ణించి 33 ఏళ్ళపాటు అతను చేసినదంతా మన ఊళ్ళో మోతుబరి చేసే పనే. గట్టు జరపడం, హక్కు పత్రాలు సంపాదించడం, పక్కవాడి గొడవలో తలదూర్చి ఫీజుగా ఒక ఊరు పుచ్చుకోవడం. ఒక కన్యాస్త్రీల మఠం తగలబెట్టిన గొడవలో చర్చి వెలి కూడా వేసింది. ఇదంతా నువ్వు 'అలా ఏళ్ళు గడిచాయి' అని ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ వాక్యం చదివి నేను పుస్తకం మూసి కాఫీ తాగడానికి లేచాను.

నాకు కావలసిన అధ్యాయం ఆ వాక్యం కింద ఉంది. రుడాల్ఫ్ తల్లి హైల్‌విగ్ కీబుర్గ్ వంశపు పిల్ల. ఆమె అన్నదమ్ముడు హార్ట్‌మన్, అంటే మన లెక్కలో మేనమామ, 1264లో కొడుకులు లేకుండా చనిపోయాడు. వింటర్‌తూర్ చుట్టుపక్కల బోలెడు భూములు, కోటలు. మేనల్లుడు వచ్చి అన్నీ స్వాధీనం చేసుకున్నాడు. బాగానే ఉంది. కానీ హార్ట్‌మన్ భార్య మార్గరెట్ బతికే ఉంది. సవాయ్ రాజకుటుంబపు ఆడపడుచు. భర్త ఆమె జీవనానికి రాసిచ్చిన ఆస్తులున్నాయి. మేనల్లుడు వాటి మీదా చెయ్యి వేశాడు. ఆమె పుట్టింటివాళ్ళు ఊరుకోలేదు, యుద్ధం దాకా వెళ్ళింది, 1267లో గానీ రాజీ కుదరలేదు. చెప్పు, మన తెలుగు పాఠకుడికి ఇంతకన్నా దగ్గరి కథ ఏముంటుంది? వారసులు లేని మేనమామ, వాకిట్లో మేనల్లుడు, లోపల తాళాలు పట్టుకుని కూర్చున్న మేనత్త. రుడాల్ఫ్ పైకొచ్చింది ఈ గుమ్మంలోంచి. తర్వాత వచ్చిన కిరీటం చాలావరకు ఈ భూముల మీద వచ్చిన వడ్డీ.

మేనత్త చెడ్డదనో, రుడాల్ఫ్ దుర్మార్గుడనో తీర్పు చెప్పకు. ఆమె అడుగుతున్నది న్యాయం. అతను చేస్తున్నది ఆ రోజుల్లో అందరూ చేసేది. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడనియ్యి.

ఎన్నిక సంగతి. నీ మాన్యుస్క్రిప్టులో ఇది 'ప్రజల ఆకాంక్ష' అయిపోయింది. ప్రజలెక్కడమ్మా? 1250లో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి పోయాక, 1254లో కొడుకు కాన్రాడ్ కూడా పోయాక, జర్మనీ సింహాసనం ఉందంటే ఉంది, లేదంటే లేదు. 1257లో ఒకే కుర్చీకి ఇద్దరు రాజులు ఎన్నికయ్యారు. ఒకడు ఇంగ్లండ్ రాజు తమ్ముడు రిచర్డ్, ఇంకొకడు కాస్టీల్ రాజు అల్ఫోన్సో. ఈ రెండోవాడు జర్మనీలో కాలే పెట్టలేదు. రిచర్డ్ 1272లో పోయాడు. కొత్త పోప్ పదో గ్రెగరీ "మీరు ఎన్నుకుంటారా, నన్ను చూసుకోమంటారా" అని తొందరపెట్టాడు. ఎన్నుకునే హక్కున్న ప్రభువులకి కావలసింది రాజు లాంటి మనిషి, కానీ తమ భూముల జోలికి రానివాడు. ఓటొకర్ మరీ బలవంతుడు. రుడాల్ఫ్‌కి 55 ఏళ్ళు. ఎన్నాళ్ళుంటాడులే అనుకుని ఉంటారు. 1273 అక్టోబర్ 1న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎన్నుకున్నారు. ఆ ముసలాయన 18 ఏళ్ళు ఏలాడు!

ఇక్కడ నువ్వు వదిలేసిన మనుషులు ఇంకొకరున్నారు. కూతుళ్ళు. రుడాల్ఫ్‌కి పెళ్ళికి ఉన్న కూతుళ్ళు ఆరుగురు. మన దగ్గర ఆరుగురు ఆడపిల్లలంటే తండ్రి బెంగతో నిద్రపోడు, ఇతనికి అదే ఖజానా. 1273 అక్టోబర్ 24న ఆఖెన్‌లో పట్టాభిషేకం. ఆ వేడుకల్లోనే ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు. ఆగ్నెస్‌ని సాక్సనీ డ్యూక్‌కి, మటిల్డాని రైన్ ప్రాంతపు ప్రభువు లూడ్‌విగ్‌కి ఇచ్చాడు. ఇద్దరు అల్లుళ్ళూ ఓటున్నవాళ్ళే. లూడ్‌విగ్‌కి 'కఠినుడు' అని బిరుదు. ఎందుకో తెలుసా? 1256లో మొదటి భార్య మారియా శీలాన్ని అనుమానించి తల నరికించాడు. మటిల్డా అతనికి మూడో భార్య. ఆమెకి అప్పుడు ఇరవయ్యేళ్ళు ఉంటాయేమో. పెళ్ళి పందిట్లో ఆ విషయం తెలియనివాళ్ళు ఎవరూ ఉండరు.

నీ ఆఖెన్ అధ్యాయంలో రాజదండం కథ ఉంది. ప్రమాణాల వేళకి దండం కనబడకపోతే రుడాల్ఫ్ వేదిక మీది శిలువ తీసుకుని "ఇదే నా రాజదండం" అన్నాడని. చక్కగా రాశావు, నాకూ ఒళ్ళు పులకరించింది. కానీ అదే ఉదయం మటిల్డా ఏం చేస్తోంది? శిలువ పట్టుకున్న తండ్రిని ఏ వరసలో నిలబడి చూసింది? నాకైతే ఆ పేజీ కావాలి.

రుడాల్ఫ్ చుట్టూ ఇలాంటి కథలు తేనెటీగల్లా ముసురుకున్నాయి. అతని ముక్కు చాలా పెద్దదట. ఇరుకు దారిలో ఎవడో "రాజుగారి ముక్కు అడ్డం, ఎలా వెళ్ళను?" అంటే, నవ్వుతూ ముక్కు ఒక పక్కకి నొక్కుకుని దారి ఇచ్చాడట. ముట్టడి ఆపి రాజవబోతున్నాడని విని బాసెల్ బిషప్పు, దేవుడా నీ సింహాసనం గట్టిగా పట్టుకో, లేకపోతే అది కూడా లాక్కుంటాడు అన్నాడట. ఇవన్నీ నువ్వు జరిగినట్టే రాశావు. తీసెయ్యమనను. ఊరూరా తిరిగే భిక్షు సన్యాసులు ఇలాంటివి ఇష్టంగా రాసిపెట్టారు, వాళ్ళకి ఈ రాజంటే అభిమానం. నీ నవలలో ఒక సన్యాసిని పెట్టు. ముక్కు కథ అతను చెప్పనీ. వినేవాళ్ళలో ఒకడు నమ్మకూడదు. బిషప్పు మాట మాత్రం నాకు మిగతావాటికన్నా నిజం లాగా వినబడుతుంది. పొరుగువాళ్ళు రుడాల్ఫ్‌ని ఎలా చూశారో అందులో ఉంది. వినయం గినయం ఏమీ లేదు, చెయ్యి పడితే వదలడని!

ఓటొకర్‌ని నువ్వు పాత జానపద సినిమాలో ప్రతినాయకుణ్ణి చేశావు. వికటాట్టహాసం ఒక్కటే తక్కువ. అతనూ మన రుడాల్ఫ్ వ్యాపారమే చేశాడు, పెద్ద ఎత్తున. ఆస్ట్రియా కోసం తనకన్నా దాదాపు 30 ఏళ్ళు పెద్దదైన ఇంకో మార్గరెట్‌ని (మన మేనత్త కాదు) పెళ్ళాడాడు, పని అయ్యాక విడిచిపెట్టాడు. ప్రష్యా వెళ్ళి దండయాత్ర చేస్తే అక్కడ కట్టిన కోటకి అతని గౌరవార్థం కోనిగ్స్‌బర్గ్, అంటే రాజుగారి కొండ, అని పేరు పెట్టారు. రుడాల్ఫ్ రాజయ్యాక 1274లో న్యూరెంబర్గ్ సభలో ఒక తీర్మానం చేయించాడు: 1245 తర్వాత ఎవరెవరు సామ్రాజ్య భూములు కలుపుకున్నారో తిరిగి ఇచ్చెయ్యాలని. గురి ఎవరి మీదో చెప్పక్కర్లేదు. మేనత్త ఆస్తి కలుపుకున్నవాడు ఈ తీర్మానం చేయిస్తున్నాడు. నీ నవలకి గుండెకాయ ఇది. నువ్వేమో ఇక్కడ రెండు పేజీలు శరదృతు వర్ణన చేశావు.

రుడాల్ఫ్, ఓటొకర్ తలపడ్డ 1278 ఆగస్టు 26 యుద్ధం గురించి కొంచెం. వియన్నాకి ఈశాన్యాన డ్యూర్న్‌క్రూట్ దగ్గర. కత్తుల మెరుపులు, రక్తపు ఏర్లు అన్నీ కొట్టేశాను. రుడాల్ఫ్‌కి 60 ఏళ్ళు. గుర్రం కూలి వాగులో పడ్డాడు, ఒక నైట్ (కవచం తొడిగిన గుర్రపు యోధుడు) లాగి ఇంకో గుర్రం ఎక్కించాడు. ఆ బరువైన కవచంతో ఆ వయసులో నీళ్ళలో పడి లేవలేకపోవడం ఎలా ఉంటుందో రాస్తే చాలు. ఇంకొకటి. అతను కొన్ని పదుల మంది గుర్రపు దళాన్ని దాచిపెట్టి చివర్లో వదిలాడు. అప్పటి నైట్ల లెక్కలో అది మర్యాద కాదు. దాన్ని నడిపిన కాపెలెన్ ఉల్రిక్ ముందే తోటివాళ్ళని క్షమించమని అడిగాడని చెబుతారు. గెలుపుకి ముందే క్షమాపణ! అది వదిలేసి మెరుపులు రాస్తావా? ఓటొకర్‌ని యుద్ధం చంపలేదు, పట్టుకున్నాక పాత పగ ఉన్నవాళ్ళు చంపారు. ఆ తర్వాత రుడాల్ఫ్ చిన్న కూతురు గూటాని ఓటొకర్ కొడుక్కే ఇచ్చి వియ్యం అందుకున్నాడు. 1282లో ఆస్ట్రియా తన కొడుకులకి రాసిచ్చాడు. 1918 దాకా ఆ ఇంట్లోనే ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, ఇతను రచ్చ గెలిచి దాన్నీ ఇంట్లోకి మోసుకొచ్చాడు. ఇటలీ కవి దాంతే ఈ ఇద్దరు రాజుల్నీ చనిపోయాక పాపప్రక్షాళన కొండ మీద పక్కపక్కనే కూర్చోబెట్టాడు, ఓటొకర్ రుడాల్ఫ్‌ని ఓదారుస్తున్నట్టు. నువ్వు ఓటొకర్ని మళ్ళీ రాసేటప్పుడు ఆ ఓదార్పు గుర్తుంచుకో.

చిన్నవి కొన్ని. అతన్ని 'చక్రవర్తి' అనకు. రోమ్ వెళ్ళి పోప్ చేత చక్రవర్తి కిరీటం పెట్టించుకోలేదు, కడదాకా రాజే. 'ప్రభూ, ఆజ్ఞ' లాంటి డైలాగులు తగ్గించు. మన రుద్రమదేవి అదే కాలంలో ఓరుగల్లులో ఏలుతోందని నాలుగు పేజీల పోలిక రాశావు. మాట నిజమే, కానీ వాళ్ళిద్దరికీ ఒకరి ఊసు ఒకరికి తెలీదు, ఒక్క వాక్యం చాలు. 1285లో వెట్స్‌లార్‌లో తిలె కోలుప్ అనేవాణ్ణి కాల్చి చంపారు కదా, తానే చచ్చిపోయిన ఫ్రెడరిక్ చక్రవర్తినని చెప్పుకుని కొన్నాళ్ళు దర్బారు కూడా నడిపినవాణ్ణి. అతనికి ఒక పేరా ఇచ్చావు. అది ఇంకో నవల, దాచుకో.

ఇక ఆ పలక. 1291 జూలైలో, ఇక బతకనని తెలిశాక, పాత రాజులు పడుకున్న చోటే పోతానని గుర్రమెక్కి స్పెయర్ వెళ్ళాడంటారు. 15న పోయాడు. ఆ పలక చెక్కినవాడి గురించి ఒక పాత పద్య చరిత్రలో ఉంది, నీకు దొరికినట్టు లేదు. రాజు మొహం మీద ముడతలన్నీ లెక్కపెట్టుకుని చెక్కాడట. పని అయ్యాక, రాజుగారికి కొత్త ముడత ఒకటి వచ్చిందని ఎవరో చెప్పారు. ఆ శిల్పి మాట నమ్మి ఊరుకోలేదు, రాజు ఉన్న అల్సాస్ దాకా వెళ్ళి, ఎదురుగా నిలబడి చూసి, నిజమేనని తేల్చుకుని, తిరిగొచ్చి రాయి దిద్దాడట. ఇదీ కథే కావచ్చు. నీకు నచ్చితే సన్యాసి నోట పెట్టుకో.

మేనత్త అధ్యాయం ముందు రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం. ఈలోగా మళ్ళీ స్పెయర్ వెళితే, ఆ నుదుటి మీద గీతలు ఎన్నున్నాయో లెక్కపెట్టి నాకు రాయి. ఫోటో పంపకు, లెక్క చాలు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు