‘ఇలాంటి ఎండలు ఎన్ని చూడలేదు!’

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. నగరంలో ఒక అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఒంటరిగా ఉంటారు. వడగాలుల హెచ్చరిక వచ్చిందని ఫోన్ చేస్తే ‘ఇలాంటి ఎండలు ఎన్ని చూడలేదు!’ అని కొట్టిపారేస్తారు. దాహం వేయడం లేదంటూ నీళ్లు కూడా సరిగా తాగరు. బీపీకి మందులు వాడుతున్నారు. ఆయనకు ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: దీన్ని మొండితనం అనుకోకండి. ఎండలు ముదిరాయని, వానలు అదను తప్పుతున్నాయని అందరికంటే వివరంగా చెప్పగలిగేది పెద్దవారే. ప్రమాదం ఎవరికని అడిగితే మాత్రం ‘ముసలివాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు’ అంటారే తప్ప, చాలామంది ఆ లెక్కలో తమను కలుపుకోరు. ఇన్నేళ్లూ ఎండను తట్టుకున్న మనిషికి ఆ ధీమా సహజం.

అయితే వయసుతో పాటు చెమట పట్టడం తగ్గుతుంది, ఒంట్లో నీరు తగ్గినా దాహం తెలియదు. పగలంతా వేడిని పీల్చుకున్న కాంక్రీటు రాత్రి దాన్ని వదులుతూ ఉండటంతో, పైకప్పు కింది గదుల్లో శరీరం తేరుకునే వ్యవధి దొరకదు. 2003 ఆగస్టు వడగాలులకు ఫ్రాన్స్‌లో సాధారణం కంటే సుమారు 15,000 మంది ఎక్కువగా మరణించారు. వారిలో అత్యధికులు 75 ఏళ్లు పైబడినవారే. పైకప్పు కిందే పడకగది ఉండటం ప్రమాదాన్ని పెంచిందని తరువాతి పరిశీలనల్లో తేలింది.

కాబట్టి ‘వేడిగా ఉందా’ అని అడగకండి, ఆయన ఒళ్లు ఆ సంగతి సరిగా చెప్పలేదు. మంచం పక్కన గది ఉష్ణోగ్రత చూపే థర్మామీటర్ పెట్టి, ‘ఎంత చూపిస్తోంది’ అని అడగండి. పగలు గది 32 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలని, గాలి 40 డిగ్రీలకు చేరితే ఫ్యాన్ ఒంటిని మరింత వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దాహంతో పని లేకుండా వేళ ప్రకారం నీళ్లు తాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బులుంటే ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి. బీపీ మందుల్లో కొన్ని మూత్రం ఎక్కువగా పోయేలా చేస్తాయి కనుక, వేసవికి ముందే మోతాదు గురించి డాక్టర్‌ను అడగండి, సొంతంగా మాత్రం ఆపవద్దు. ఎండ పడే కిటికీలను పగలు మూసి, చల్లబడ్డాక తెరవడం ఆయనకు కొత్తగా నేర్పనక్కరలేదు. ఆ అనుభవాన్ని మెచ్చుకుంటూనే మిగతా మాటలు చెప్పండి, చెవికెక్కుతాయి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఆయన ఒంటరితనం. 1995 జూలైలో షికాగోలో 700 మందికి పైగా చనిపోయినప్పుడు, ఒంటరిగా ఉంటూ ఎవరూ పలకరించనివారికే ముప్పు ఎక్కువని తేలింది. మధ్యాహ్నం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి ఫోన్ చేయండి. నమ్మకమైన పొరుగువారి దగ్గర తాళంచెవి ఒకటి ఉంచండి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా వెంటనే అంబులెన్స్ పిలిపించి, అది వచ్చేలోగా ఒంటిని తడిగుడ్డతో తుడుస్తూ విసరమనండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదని కూడా వారికి ముందే చెప్పి ఉంచండి.