జావా ప్రయాణం గురించి చిన్నీకి

కాకినాడ

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "పిల్ల మమ్మల్నందర్నీ జావా తీసుకెళ్తోందే, సంక్రాంతి సెలవుల్లో" అంది. ఆ గొంతులో సంతోషం విని నాకూ సంతోషమేసింది. మీ వైపు నలుగురు, మీ అత్తగారి వైపు ఆరుగురు. అందులో అరవై దాటినవాళ్ళు నలుగురు, పదేళ్ళలోపు పిల్లలు ఇద్దరు. ఇంతమందిని పోగేసి గుళ్ళూ జలపాతాలూ అగ్నిపర్వతాలూ చూపిస్తానని బయల్దేరడం మాటలు కాదు. నేను ఆ పని చేశానంటే అక్కడే కాపురం ఉన్నాను కాబట్టి. నువ్వు ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ తలకెత్తుకున్నావు. చాలా గర్వంగా ఉంది.

కానీ ఫోన్ పెట్టేశాక "సంక్రాంతి" అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. నిద్ర పట్టలేదు. ఫోన్లో చెప్తే "సరే పిన్నీ, చూసుకుంటాంలే" అంటావని ఇలా కూర్చుని రాస్తున్నాను.

టికెట్లు కొనకపోతే కొనకు. కొనేసి ఉంటే, కొంత డబ్బు పోయినా సరే, మార్చుకో. ఇండోనేషియాలోని ఈ జావా దీవి భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది. మనకి చలికాలం, కోతలు, ముగ్గులు అయిన రోజుల్లో వాళ్ళకి నడివానాకాలం. నవంబరు నుంచి మార్చి దాకా వానలే, అందులో జనవరి మరీ గట్టిది. పొద్దున్న ఎండ కాస్తుంది, మధ్యాహ్నానికి కొండ మీద మబ్బు దిగుతుంది. మే నెల నుంచి పొడి రోజులు మొదలవుతాయి. పిల్లలకి వేసవి సెలవులు అప్పుడే కదా, మేలోనే పెట్టుకో. రంజాన్ పండక్కి అటూ ఇటూ వారం మాత్రం తప్పించు. దేశం దేశమంతా సొంతూళ్ళకి కదులుతుంది, రైళ్ళూ రోడ్లూ ఖాళీ ఉండవు.

పాస్‌పోర్టులకి ఆరు నెలల గడువు ఉందో లేదో అందరివీ చూడు. బీపీ, షుగరు మందులు చేతిసంచీలో పెట్టించు. అక్కడి డబ్బు రుపియా, లక్ష రుపియా నోటుకి సున్నాలు ఎక్కువ, పెద్దవాళ్ళ చేతికి ఇచ్చేముందు ఒకసారి వివరంగా చెప్పు. మీ అత్తగారు శాకాహారం కదా, "మాంసం వద్దు" అంటే సరిపోదు. వాళ్ళ సంబల్ పచ్చళ్ళలో చాలావాటికి తెరాసి కలుపుతారు, అది రొయ్యల ముద్ద. "తన్‌పా తెరాసి" అని కాగితం మీద రాసి ఆవిడ పర్సులో పెట్టు. టెంపే (పులియబెట్టిన సోయా ముద్ద), తాహు (సోయా పనీరు), పెచెల్ (ఉడికించిన కూరలు) తినొచ్చు, పెచెల్‌లో వేసే వేరుశనగ పచ్చడిని కూడా అడిగి తీసుకోవాలి.

ఇక అసలు సంగతి. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు. నువ్వూ అక్కడే ఉన్నావు, అప్పటికి నీకు ఆరేళ్ళు.

2004 జనవరి. మీ బాబాయి జావాలో సురబయ నగరం దగ్గర నూలు మిల్లులో పని చేస్తున్నారు. అమ్మమ్మ, మీ అమ్మా నాన్నా, నువ్వు పండక్కి మా ఇంటికి వచ్చారు. అప్పటికి నేను అక్కడ కాపురం పెట్టి అయిదేళ్ళు. బజార్లో బేరమాడే భాష వచ్చేసింది, అన్నీ నాకే తెలుసన్న ధీమా కూడా వచ్చింది. వచ్చినవాళ్ళకి పది రోజుల్లో జావా అంతా చూపించెయ్యాలని కాగితం మీద గంటలు వేసుకుని ప్లాను రాసుకున్నాను. ఎన్నింటికి లేవాలి, ఎన్నింటికి వ్యాన్ ఎక్కాలి, ఎక్కడ ఎంతసేపు. ఇప్పుడు నువ్వు మీ అమ్మకి వాట్సాప్‌లో పంపిన ప్లాను ఆవిడ నాకు పంపింది. అచ్చం అలాగే ఉందే తల్లీ. రోజుకి నాలుగు చోట్లు.

కనుమ మర్నాడు మడకరిపురా జలపాతానికి వెళ్ళాం. బ్రోమో అగ్నిపర్వతానికి పోయే దారిలో ఉంటుంది. రెండు వందల మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు నూతి గోడల్లాంటి రాళ్ళ మధ్యకి తెరలా జారతాయి. మజాపహిత్ రాజ్యానికి మంత్రిగా చేసిన గజమద చివరి రోజుల్లో అక్కడే తపస్సు చేసుకున్నాడని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. లోపలికి వెళ్ళే దారి ఆ సెలయేటి వెంబడే. అప్పట్లో రాళ్ళ మీద అడుగులేస్తూ ఏటిని అటూ ఇటూ దాటుకుంటూ పోవాల్సి వచ్చేది.

ఇంట్లో ఆలస్యమై, మేం చేరేసరికి ఒంటిగంట దాటింది. దారి చూపించడానికి వచ్చిన కుర్రాడు కొండవైపు చూసి, "ఇబు, పైన వాన పడుతోంది. ఒక గంట ఆగుదాం" అన్నాడు. ఇబు అంటే అమ్మగారు అన్నట్టు. మేం నిలబడ్డ చోట ఎండ కాస్తోంది. సాయంత్రానికి బ్రోమో దగ్గర గదులకి చేరాలి, సూర్యోదయం చూడ్డానికి తెల్లవారుజామున మూడింటికి జీపు వస్తుంది. గంట ఆగితే నా ప్లాను అంతా పోతుంది. "ఇక్కడ వాన ఎక్కడుంది, పద" అన్నాను ఆ కుర్రాడితో. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

అమ్మమ్మ మోకాలు అప్పటికే నొప్పి పెడుతోంది. మూడు రోజుల ముందే ప్రంబనన్ గుళ్ళో మెట్లన్నీ ఎక్కించాను. ఆవిడ ఒక్కో రాయినీ కాలితో తడిమి అడుగేస్తోంది. నేను వెనక్కి తిరిగి, "నువ్వు మెల్లగా రా అమ్మా, మేం ముందు నడుస్తుంటాం" అని నీ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాను. మీ నాన్నా అమ్మా కెమెరా పట్టుకుని నా వెనకే.

ముందు నీళ్ళ రంగు మారింది. అద్దంలా ఉన్న నీరు పలచటి టీ రంగులోకి వచ్చింది. ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. అయ్యో, నీళ్ళు మురికవుతున్నాయి, ఫొటో బాగా రాదే అనుకున్నాను, అంతే. కుర్రాడికి మాత్రం అర్థమైంది. "బంజిర్! బంజిర్!" అని అరిచి, మమ్మల్ని ఒక రాతిగట్టు మీదికి నెట్టాడు. వరద అన్నమాట. వెనక్కి చూస్తే అమ్మమ్మ ఏటి మధ్య ఒక రాయి మీద నిలబడి ఉంది, ఒక చేతిలో చెప్పులు, ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని. అవతలి ఒడ్డున మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముకునే ఆవిడ నీళ్ళలోకి దిగి, అమ్మమ్మని నడుం దగ్గర పట్టుకుని ఒడ్డుకి లాగేసింది. ఆ తర్వాత ఆ రాళ్ళు ఒక్కటీ కనపడలేదు. ఏరంతా బురద.

గంటన్నర సేపు మేం ఇవతల, అమ్మమ్మ అవతల. అరిచినా వినపడదు. నీలం పట్టా కింద కూర్చోబెట్టి, ఆ మొక్కజొన్నావిడ తన లుంగీ తీసి అమ్మమ్మ భుజాల చుట్టూ కప్పింది. కాసేపటికోసారి అమ్మమ్మ చెయ్యి పైకెత్తి ఊపేది. నేను బాగానే ఉన్నాను అని. నేనూ ఎత్తేదాన్ని. నువ్వు నా ఒళ్ళో నిద్రపోయావు. నీళ్ళు తగ్గి మేం దాటుకుని వెళ్ళాక అమ్మమ్మ అడిగిన మొదటి మాట, "చిన్నిదాని తల తడిసిందా?" అని.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి అమ్మమ్మకి చలిజ్వరం వచ్చింది. బ్రోమోకి మీరందరూ వెళ్ళారు, ఆవిడ చూడలేదు. నేను గదిలోనే ఆవిడ పక్కన కూర్చున్నాను. ఊరికి తిరిగొచ్చాక అమ్మమ్మ జావా కబుర్లు వీధి వీధంతా చెప్పింది, నీకూ చెప్పే ఉంటుంది. ప్రంబనన్ శివుడి దాకా చెప్పి అక్కడ ఆపేసేది. జలపాతం సంగతి బతికున్నన్నాళ్ళూ ఎవరి దగ్గరా ఎత్తలేదు. నా మీదికి మాట రాకూడదని. అది నాకు ఆవిడ పోయాక, దినవారాల్లో చుట్టాలు ఆ కబుర్లు తలుచుకుంటుంటే తెలిసింది.

నెల తర్వాత నేనొక్కదాన్నే ఆ మొక్కజొన్నావిడ దగ్గరికి చీర పట్టుకుని వెళ్ళాను. "పెద్ద ఇబు ఎలా ఉన్నారు?" అని అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఒక పొత్తు కాల్చి చేతిలో పెట్టి, డబ్బులు తీసుకోలేదు.

అందుకని చెప్తున్నాను చిన్నీ, కోప్పడుతున్నాననుకోకు. కోప్పడుతున్నాను కూడా. నలుగురు పెద్దవాళ్ళనీ ఇద్దరు పిల్లల్నీ పెట్టుకుని రోజుకి నాలుగు చోట్లేమిటే? రెండు చాలు. ఒకటైతే మరీ మంచిది. నడిచేటప్పుడు అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళని అందరికంటే ముందు పెట్టు. మీ అమ్మ మోకాలు అచ్చం అమ్మమ్మ మోకాలే, ఆవిడ నడక ఎంత ఉంటే మీ అందరి నడకా అంతే. "మీరు మెల్లగా రండి" అన్న మాట నీ నోట రాకూడదు. వెనకాల మీ ఆయన్ని నడవమను. అక్కడి మనిషి ఆగమంటే ఆగాలి, నీ నెత్తి మీద ఎండ ఉన్నా సరే. నీళ్ళు రంగు మారినా, ఆకులు కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా ఫొటోలు వదిలేసి పైకెక్కండి.

నీ ప్లానులో తుంపక్ సెవు జలపాతం ఉంది. మేం ఉన్న రోజుల్లో ఆ పేరు ఎవరూ పెద్దగా అనేవారు కాదు, ఇప్పుడు అందరూ దానికే వెళ్తున్నారు. నూట ఇరవై మీటర్ల ఎత్తు నుంచి అర్ధచంద్రాకారంలో వందల ధారలు. సెవు అంటే వెయ్యి. ఆ నీళ్ళు సెమేరు కొండ వాలు నుంచి వస్తాయి. సెమేరు అంటే మన మేరువే, 3,676 మీటర్లు, జావాలో అన్నిటికంటే ఎత్తు. ఇప్పటికీ పొగ కక్కుతూనే ఉంటుంది, 2021 డిసెంబరులో బద్దలై చాలామంది ప్రాణాలు తీసింది. కొండ మీద పేరుకున్న బూడిదని వాన నీళ్ళు బురదగా చేసి ఏళ్ళలోకి తోస్తాయి. దాన్ని లాహార్ అంటారు. ప్రపంచమంతా వాడే ఆ మాట జావా వాళ్ళదే. కిందికి దిగే దారి వెదురు నిచ్చెనలు, నీళ్ళు పారే మెట్లు. పెద్దవాళ్ళనీ పిల్లల్నీ దింపకు. పైన గట్టు మీంచే మొత్తం కనిపిస్తుంది, అక్కడ వాళ్ళకి కాఫీ ఇప్పించి కూర్చోబెట్టు. దిగాలనుకున్నవాళ్ళు పొద్దున్నే దిగి పదకొండుకల్లా పైకి వచ్చెయ్యాలి.

దియెంగ్ పీఠభూమి నాకు ప్రాణం. రెండు వేల మీటర్ల పైన, పాత అగ్నిపర్వతాల మధ్య బంగాళాదుంప చేలు, పొగమంచులో చిన్న చిన్న శివాలయాలు. వాటి పేర్లు అర్జున, పుంతదేవ, శ్రీకండి, సెంబద్ర, కొంచెం ఎడంగా భీమ, ఘటోత్కచ. పుంతదేవ అంటే మన ధర్మరాజు, శ్రీకండి శిఖండి, సెంబద్ర సుభద్ర. గుళ్ళు ఎప్పటివో, పేర్లు మాత్రం తర్వాతి కాలంలో జనం పెట్టుకున్నవి. మీ మామగారికి భారతం వచ్చు కదా, ఆయన్ని అక్కడ మాట్లాడనివ్వు, పిల్లలు చుట్టూ చేరతారు. ఇక్కడ నా భయం ఒకటే. సికిదాంగ్ బిలం దగ్గర బురద కుతకుత ఉడుకుతూ కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది, ఆ వాసనకి మనుషులు వాళ్ళంతట వాళ్ళే దూరం జరుగుతారు. వాసన లేని గాలి ఇంకా ప్రమాదం. 1979లో అక్కడ సినిలా బిలం దగ్గర నేల లోంచి బొగ్గుపులుసు వాయువు వచ్చి నూట నలభై మందికి పైగా చనిపోయారు. భయపడి పారిపోతున్న జనం దారిలోనే పడిపోయారు. అది గాలి కంటే బరువు, పల్లాల్లో చేరుతుంది, కనపడదు. పిల్లలు కంచె దాటి గుంటల్లోకి దిగకుండా చెయ్యి పట్టుకో. దారి మూసిన చోటికి ఎవరెంత బతిమాలినా వెళ్ళకు.

బ్రోమోకి స్వెటర్లు, మంకీ క్యాపులు, మాస్కులు. మూడింటికి లేవలేనివాళ్ళని లేపకు. పగటి పూట కూడా ఆ ఇసక మైదానం, దాని మధ్య తెంగెర్ హిందువుల గుడి అలాగే ఉంటాయి.

ప్రంబనన్‌కి మాత్రం ఒక పూటంతా ఉంచు. తొమ్మిదో శతాబ్దపు గుడి, శివాలయం 47 మీటర్లు. మన గుళ్ళలోలా నిత్యపూజ ఉండదని మీ అత్తగారికి ముందే చెప్పు, లేకపోతే చిన్నబుచ్చుకుంటారు. తూర్పు మెట్లెక్కి ప్రదక్షిణంగా తిరగండి. గుడి కుడిచేతి వైపు ఉంటుంది, ఎడమచేతి వైపు పిట్టగోడ లోపలంతా రామాయణం. అమ్మమ్మ ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి కథ చెప్పుకుంటూ నడిచింది. జటాయువు సీతమ్మ ఉంగరం తెచ్చి రాముడికిచ్చే బొమ్మ దగ్గర నిలబడిపోయి, "ఉంగరం తీసుకెళ్ళింది హనుమంతుడు కదే, ఇదేమిటి?" అంది. వాళ్ళ కథలో అలా ఉంటుందమ్మా అంటే, చాలాసేపు చూసి, "పోన్లే, ముసలిపక్షి, ఏదో ఒకటి చెయ్యాలనుకుంది" అంది.

శివాలయంలో కథ వారధి దగ్గర ఆగుతుంది. చేపలు నీళ్ళలోంచి పైకి చూస్తుంటాయి, కోతులు రాళ్ళు మోస్తుంటాయి. మిగతా కథ పక్కనున్న బ్రహ్మ గుడి మీద ఉంది. అమ్మమ్మ అటు వెళ్దామంది. రైలు టైమైందని నేనే వద్దన్నాను.

మీ అమ్మని అక్కడికి తీసుకెళ్ళు. మెట్ల మీద కాసేపు కూర్చోబెట్టి, మోకాలు సర్దుకున్నాక ఎక్కించు. డేట్లు మార్చాక నాకు ఫోన్ చెయ్యి, రాత్రి పదకొండైనా మేలుకునే ఉంటాను.

మీ పిన్ని