రిపేరు చేయించిన కారు ఇంజిన్ ఆగిపోతే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మా నాన్నగారి పాత కారును ఇష్టంగా కాపాడుకుంటూ వస్తున్నాను. ఇంజిన్ వేడెక్కుతోందని ఒక గ్యారేజీలో ఇస్తే హెడ్ (ఇంజిన్ పైభాగం) విప్పి దాని కింద ఉండే గ్యాస్కెట్ (సీలు) మార్చారు. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్, ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ కూడా సర్వీసు చేశారు. ఇంటికి తెచ్చుకున్న కొద్ది రోజులకే నడుస్తున్న కారు ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ కాలేదు. ‘బండి పాతది, నా పనికీ దీనికీ సంబంధం లేదు’ అంటున్నాడు మెకానిక్. మరో మెకానిక్ ఇంజిన్ విప్పి చూస్తానంటున్నాడు. నేను కేసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: వేయవచ్చు. కానీ ముందు ఆ రెండో మెకానిక్‌ను ఆపండి. ఆయన స్పానర్ పట్టుకున్న మరుక్షణం నుంచి మీ సాక్ష్యం చెదిరిపోతుంది. ఏ బోల్టు వదులుగా ఉంది, ఏ వైరు ఎక్కడ తగులుతోంది అన్నది ఆ తర్వాత ఎవరూ తేల్చలేరు. ‘విప్పినవాడే పాడుచేశాడు’ అనే అవకాశం మొదటి మెకానిక్‌కు చేజేతులా ఇచ్చినవారవుతారు.

రిపేరు తర్వాత చెడింది కాబట్టి రిపేరు వల్లే చెడింది అనే వాదన చట్టం ముందు నిలవదు. సేవలో లోపం ఉందని రుజువు చేయాల్సిన భారం ఫిర్యాదు చేసినవారిదేనని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అంటే ఇంజిన్ ఎందుకు ఆగిందో తేలడమే మీ కేసులో సగం.

కారును కదపకముందే ఆయిల్ మట్టం చూసే కర్రను, ఇంజిన్ చల్లారాక రేడియేటర్‌లో నీటి మట్టాన్ని ఫొటోలు తీయండి. ‘ఆయిల్ లేకుండా నడిపారు’ అన్నదే అవతలివైపు నుంచి వచ్చే మొదటి మాట. ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే అందులో నీరు చేరిందని అర్థం. అప్పుడు స్టార్టర్ జోలికి వెళ్లవద్దు. సిలిండర్‌లో నీరు ఉండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

ఆయిల్, నీరు సరిగ్గా ఉండి, స్టార్టర్ వేస్తే ఇంజిన్ మామూలుగా తిరుగుతుంటే లోపం స్పార్క్‌లోనో, పెట్రోలు సరఫరాలోనో ఉండే అవకాశం ఎక్కువ. స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగిందా, కాస్త కుదుపులిచ్చి ఆగిందా గుర్తుచేసుకోండి. మొదటిది తరచుగా ఇగ్నిషన్ (స్పార్క్) లోపం, రెండోది పెట్రోలు అందకపోవడం. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల స్క్రూ వదులై గ్యాప్ మూసుకుపోవడం, లోపలి సన్నటి వైరు ప్లేటుకు తగలడం, కండెన్సర్ పోవడం పాత కార్లలో మామూలే. సర్వీసు చేసిన చెయ్యి పడింది సరిగ్గా అక్కడే కాబట్టి రుజువు తేలిక. అయితే నష్టం కూడా చిన్నదే. దానికోసం కేసు దాకా వెళ్లమని నేను చెప్పను. ఒక గట్టి ఉత్తరం చాలు.

ఇంజిన్ బిగుసుకుపోయి ఉంటే మాత్రం విషయం వేరు. నీరంతా పోయి ఉంటే ఏ పైపు దగ్గర పోయిందో చూడాలి. హెడ్ పనికోసం విప్పి బిగించిన పైపు క్లాంపు వదిలితే మెకానిక్ తప్పించుకోవడం కష్టం. ఆయన ముట్టని పాత పైపు పగిలితే మీ కేసు బలహీనం. ‘వేడి చూపే మీటరు ఎర్ర గీత దాటినా నడిపారు’ అని కూడా ఆయన అనవచ్చు. నిజంగా అలా నడిపి ఉంటే మీ లాయరు దగ్గర దాచవద్దు. కానీ నీరు పూర్తిగా ఖాళీ అయితే సెన్సర్ నీటిలో మునిగి ఉండదు కాబట్టి ముల్లు పైకి లేవకపోవచ్చు. ఈ విషయాన్ని నిపుణుడి నివేదికలో రాయించండి.

చాలామంది వదిలేసే అంశం ఇంకొకటి ఉంది. మీరు గ్యారేజీలో ఏమని చెప్పారు? ‘గ్యాస్కెట్ మార్చండి’ అంటే ఆయన బాధ్యత ఆ పని సరిగ్గా చేయడం వరకే. ‘ఇంజిన్ వేడెక్కుతోంది, బాగుచేయండి’ అంటే కారణం కనిపెట్టడం కూడా ఆయన పనే. అసలు జబ్బు పూడుకుపోయిన రేడియేటర్‌లో ఉండగా గ్యాస్కెట్ ఒక్కటి మార్చి పంపేస్తే, గ్యాస్కెట్ ఎంత చక్కగా బిగించినా అది సేవాలోపమే. జాబ్ కార్డులో, వాట్సాప్ సందేశాల్లో వాడిన మాటలు అందుకే ముఖ్యం.

పనిలో నాణ్యత, తీరు సరిగ్గా లేకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) లోపంగా నిర్వచించింది. మెకానిక్‌తో సంబంధం లేని ఆటోమొబైల్ ఇంజినీరుతోనో, లైసెన్సు ఉన్న సర్వేయరుతోనో తనిఖీ చేయించండి. తేదీ, స్థలం తెలుపుతూ మొదటి మెకానిక్‌కు ముందే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వస్తే ఆయన ఎదుటే విప్పించండి, రాకపోతే ఆ సంగతి నివేదికలో నమోదు చేయించండి. విప్పేటప్పుడు వీడియో తీయించి, తీసిన భాగాలను పేర్లు రాసి భద్రపరచండి. ఇలాంటి ఫిర్యాదులు వినే వినియోగదారుల కమిషన్ ముఖ్యంగా అఫిడవిట్లు (ప్రమాణ పత్రాలు), పత్రాల ఆధారంగానే విచారిస్తుంది కాబట్టి తనిఖీ చేసినవారి అఫిడవిట్ కూడా కావాలి.

మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఏ స్థాయి కమిషన్ అన్నది రిపేరుకు చెల్లించిన మొత్తాన్ని బట్టి ఉంటుంది తప్ప కారు విలువను బట్టి కాదు. గడువు 2 సంవత్సరాలు. బిల్లు ఇవ్వకపోతే యూపీఐ చెల్లింపు వివరాలైనా తీసిపెట్టుకోండి. స్నేహం కొద్దీ ఉచితంగా చేసిన పని ఈ చట్టం కిందికి రాదు. కారును షూటింగులకో, పెళ్లిళ్లకో అద్దెకు ఇస్తుంటే మీరు వినియోగదారు కాదనే అభ్యంతరం రావచ్చు. బీమాపై ఆశ పెట్టుకోకండి. మామూలు పాలసీలు యాంత్రిక లోపాలకు, అరుగుదలకు వర్తించవు. గ్యాస్కెట్ మీరే బయట కొని ఇచ్చి ఉంటే, లోపం దానిలోనే ఉందని తేలినప్పుడు అడగాల్సింది అమ్మినవారిని, తయారుచేసినవారిని.

నోటీసు అందాక మెకానిక్ ‘ఉచితంగా మళ్లీ చేసిస్తాను’ అనవచ్చు. ఆ రాజీ మంచిదే. కాకపోతే తనిఖీ పూర్తయ్యాకే కారు అప్పగించండి. ఏ పని, ఎన్ని రోజుల్లో, కొత్త విడిభాగాల ఖర్చు ఎవరిది అన్నది కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. ‘ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు’ అనే వాక్యం అందులో ఉంటే, కారు నడిపి చూసుకునేదాకా సంతకం పెట్టకండి.