బ్రిగేడ్ మేజర్‌గా వెళ్తున్న మా అబ్బాయికి

చిన్నా,

వెల్లింగ్టన్‌లో స్టాఫ్ కాలేజీ కోర్సు అవ్వగానే నీకు బ్రిగేడ్ మేజర్‌గా, అంటే బ్రిగేడ్ కమాండర్ బ్రిగేడియర్‌గారి ముఖ్య స్టాఫ్ ఆఫీసర్‌గా, పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమేసింది రా.

ఇన్నాళ్లూ కంపెనీ నీది, జవాన్లు నీ వాళ్లు. ఇకమీదట నీ చేతికింద ఒక్క బెటాలియన్ కూడా ఉండదు, అయినా నీ సంతకంతో వెళ్లే కాగితానికి మూడు బెటాలియన్లు కదులుతాయి. ఆ కాగితంలోని అధికారం బ్రిగేడియర్‌గారిది, నీది కాదు. బెటాలియన్ల సీఓలు (కమాండింగ్ ఆఫీసర్లు) కల్నల్స్, నీకంటే సీనియర్లు. వాళ్లకి ఫోన్ చేసి "కమాండర్ ఇలా అన్నారు" అనేముందు ఆయన నిజంగా అన్నారో, నువ్వే ఊహించుకున్నావో చూసుకో.

ఆపరేషన్లు, ఇంటెలిజెన్స్, ట్రైనింగ్ నీ జి (జనరల్ స్టాఫ్) బ్రాంచివి. రేషన్, మందుగుండు, బండ్లు, సెలవులు, క్రమశిక్షణ అన్నీ డీక్యూ (సరఫరాలూ పరిపాలనా చూసే స్టాఫ్ ఆఫీసర్) నెత్తిన. మీరిద్దరూ మాట్లాడుకోకపోతే ఏమవుతుందో నేను చూశాను. నేను డీక్యూగా ఉన్నప్పుడు ఒక ఎక్సర్‌సైజులో (యుద్ధాభ్యాసంలో) జి వాళ్లు ఒక కంపెనీని రాత్రికి రాత్రే ముందుకి జరిపారు, నాకు తెల్లారాక గానీ తెలియలేదు. వండిన భోజనం పాత చోటికి వెళ్లింది, ఆ కుర్రాళ్లు ఖాళీ కడుపుతో కొండెక్కారు. నేనూ రాత్రి ఒకసారి ఫోన్ చేసి అడగాల్సింది, అడగలేదు. ఇప్పటికీ బాధే. అందుకే మ్యాపు మీద గీత గీసే ముందు డీక్యూని పిలిచి పక్కన కూర్చోబెట్టుకో.

పై నుంచి ఆర్డర్ రాగానే వివరాలన్నీ తేలేదాకా ఆగకుండా వార్నింగ్ ఆర్డర్, అంటే కింది వాళ్లు సిద్ధమవడానికి ముందస్తు కబురు, పంపెయ్. ఉన్న టైములో మూడో వంతే హెడ్‌క్వార్టర్స్ వాడుకోవాలి, మిగతా రెండు వంతులూ కింది వాళ్లవి, ఎందుకంటే చివర పదిమందిని నడిపే సెక్షన్ కమాండర్ కూడా వెలుతురుండగా నేల చూసుకోవాలి కదా. నీ ఆర్డర్ అందంగా ఉండి రాత్రి పదింటికి చేరితే వాడికేం లాభం?

భాష సూటిగా ఉండాలి. నెపోలియన్ మనసులో మాటని ఏళ్ల తరబడి స్పష్టమైన ఆర్డర్లుగా మార్చింది ఆయన చీఫ్ ఆఫ్ స్టాఫ్ బెర్తియే. 1815లో బెర్తియే ఆయన దగ్గర లేడు, ఆ పని మార్షల్ సుల్త్‌కి ఇచ్చారు. వాటర్లూ యుద్ధం రోజు, విడిగా ఉన్న నెపోలియన్ సేనాని గ్రూషీకి వెళ్లిన ఆర్డర్లు రెండర్థాలు వచ్చేలా ఉన్నాయి, దాదాపు 33,000 మందితో ఉన్న గ్రూషీ యుద్ధానికి చేరనేలేదు. నెపోలియన్ ఓటమికి ఇంకా చాలా కారణాలున్నాయనుకో, కానీ ఆర్డర్ రాసేటప్పుడు నాకు ఇదే గుర్తొచ్చేది.

బ్రిగేడియర్‌గారి ప్లాన్‌లో లోపం కనిపిస్తే ఆయన నిర్ణయం తీసుకోకముందే, గదిలో ఇద్దరే ఉన్నప్పుడు చెప్పు. కోప్పడినా చెప్పు. ఆయన నిర్ణయించాక మాత్రం అది నీ సొంత ప్లాన్ అన్నట్టే పనిచెయ్.

చేరిన మొదటి వారంలోనే మూడు బెటాలియన్లకీ వెళ్లు. అక్కడ పరిపాలన చూసే అడ్జుటెంట్లతో, సరుకులు చూసే క్వార్టర్‌మాస్టర్లతో కూర్చుని టీ తాగు, మన హెడ్‌క్వార్టర్స్ నుంచి వచ్చే ఏ రిపోర్టు వాళ్ల ప్రాణం తీస్తోందో అడుగు.

మీ బాబాయ్