సపోర్ట్ గన్ కొనమంటారా?

ఈ నెల ఎయిర్‌సాఫ్ట్ ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది విజయవాడ. ఉద్యోగం బర్మింగ్‌హామ్‌లో. ఆఫీసు స్నేహితులతో కలిసి వారాంతాల్లో ఎయిర్‌సాఫ్ట్ (నకిలీ తుపాకులతో ప్లాస్టిక్ గుండ్లు కాల్చుకునే జట్ల ఆట) ఆడుతుంటాను. నా దగ్గర ఎం4 రైఫిల్ రకం గన్ ఉంది. టీమ్‌లో సపోర్ట్ గన్ ఎవరికీ లేదు కాబట్టి నన్ను ఎం249 అనే మెషిన్ గన్ నమూనా కొనమని ఒకటే పోరు. బరువూ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే. నిజంగా పనికొస్తుందా? దాంతో ఎలా ఆడాలి?
– ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: ఆట అయ్యాక "నేను ఇంతమందిని అవుట్ చేశాను" అని లెక్క చెప్పుకోవడంలో మీకు సరదా ఉంటే, ఎం4నే ఉంచుకోండి. దాంతోనే ఎక్కువమందిని కొడతారు. సపోర్ట్ గన్నర్ కాల్చేది పక్క నుంచి కదిలే తన వాళ్ల కోసం. వాళ్లు ఒక చెట్టు దగ్గర్నుంచి ఇంకో చెట్టు దగ్గరికి చేరేదాకా అవతలివాళ్లను తల ఎత్తనివ్వకూడదు. ఆ పని మీకు నచ్చుతుందనుకుంటేనే కొనండి. నాకు నచ్చింది కాబట్టే ఇంత బరువు మోస్తూ మిడ్‌లాండ్స్ అడవుల్లో తిరుగుతున్నాను.

కొత్తవాళ్లకు అందరికంటే ముందు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. యుద్ధంలో మెషిన్ గన్ మోగితే ప్రాణభయంతో దాక్కుంటారు. మన ఆటలో తగిలేది బీబీ, అంటే 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు. తగిలితే "హిట్" అని అరిచి, చెయ్యెత్తి వెనక్కి నడిచి, మళ్లీ ఆటలోకి వస్తారు. అంచేత శబ్దానికి ఎవరూ జడవరు. మీ బీబీలు రెండు గజాల అవతల పడుతున్నాయని తెలిస్తే అవతలివాడు నింపాదిగా తల బయటపెట్టి మిమ్మల్నే కొడతాడు. అందుకే మొదటి రెండు బరస్ట్‌లు (ఒక్క నొక్కుకు వరసగా వెళ్లే బీబీల జల్లు) గురి చూసి కొట్టాలి. అతను దాక్కున్న చెట్టు బెరడు మీద టపటపా మోగాలి. తల పెడితే తగులుతుందని ఒకసారి నమ్మకం కుదిరితే, తర్వాత అప్పుడప్పుడూ ఒక చిన్న బరస్ట్ చాలు, అక్కడే ఉండిపోతాడు.

చిన్న బరస్ట్ అని ఊరికే అనడం లేదు. బాక్స్ మ్యాగజైన్‌లో, అంటే మోటార్‌తో గన్‌కు బీబీలు అందించే పెట్టెలో, మామూలుగా 2,500 బీబీలు పడతాయి. సెకనుకు 20 చొప్పున వదిలితే 125 సెకన్లు, అంటే రెండు నిమిషాల్లో పెట్టె ఖాళీ. ట్రిగ్గర్ మీద ఒక్క సెకను, అంతే. ఆపండి, వినండి. మళ్లీ కాల్చే ముందు దుంగకు అటు చివరికి జరగండి. ఇంకో మాట, బరస్ట్‌కీ బరస్ట్‌కీ మధ్య వ్యవధి ఒకేలా ఉండకూడదు. మూడేసి సెకన్లకు ఒకటి చొప్పున కొడుతూ పోతే అవతలివాళ్లు లెక్కపెట్టుకుని ఆ సందులో పరుగెత్తుతారు.

చోటు ఎంచుకోవడం ఇంకా ముఖ్యం. మన గన్‌లకు యాభై, అరవై మీటర్లు దాటితే గురి నిలవదు. ఒక పల్చటి పొద అడ్డొచ్చినా బీబీ ఆగిపోతుంది. కాబట్టి చిట్టడవిలోకి కాల్చి లాభం లేదు. కాలిబాట మలుపు, రెండు పొదల మధ్య ఖాళీ, వంతెన లాంటి జాగాలు చూసుకోండి. అవతలివాళ్లు దాటక తప్పని చోటు మీ ఎదురుగా ఉండాలి, మీకు ముందు ఒక దుంగో గట్టో ఉండాలి.

మా సైట్‌లో చెక్క ప్యాలెట్లతో కట్టిన గోడ ఒకటుంది. ఒకసారి దాని వెనక అవతలి టీమ్‌వాళ్లు నలుగురు చేరారు. నేను పడిపోయిన బర్చ్ మాను మీద బైపాడ్ (గన్ ముందుండే రెండు కాళ్ల స్టాండ్) ఆనించి, గోడ పై అంచు మీదే కొడుతూ వచ్చాను. ఎడమ పక్క కాలవలో మావాళ్లిద్దరు పాకుతున్నారు. ఫెర్న్ ఆకులు కదలడం తప్ప ఏమీ కనిపించడం లేదు. కాలవ చివరి నుంచి "ఆపు" అని కేక వినగానే వేలు తీసేశాను. మరుక్షణం గోడ వెనక నుంచి వరసగా "హిట్, హిట్" అన్న అరుపులు. నా బీబీ ఒక్కరికీ తగల్లేదు. ఆ రోజు మొత్తంలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది ఆ నిమిషమే.

ఆ "ఆపు" అన్న మాట ముందే అనుకుని ఉండాలి. కదిలేవాళ్లు "వెళ్తున్నా" అనాలి, మీరు "కవర్" అని బదులిచ్చాకే లేవాలి. మీ వాళ్లు మీ గురికి అడ్డంగా వస్తే వెంటనే వేలు తీయండి. సొంతవాళ్ల బీబీ తగిలినా హిట్టే. మాట కలవని టీమ్‌కు సపోర్ట్ గన్ ఇస్తే చప్పుడు తప్ప ఏమీ మిగలదు. మీ స్నేహితులు ముందు ఇది సాధన చేస్తారో లేదో కనుక్కోండి.

ఇక గన్ సంగతి. లోహంతో చేసిన ఎం249 నమూనాలు ఆరేడు కిలోలు తూగుతాయి. వెడల్పాటి స్లింగ్ (భుజానికి తగిలించుకునే పట్టీ), మోకాళ్లకు ప్యాడ్‌లు లేకుండా సాయంత్రం దాకా లాగలేరు. వీటిలో చాలావాటికి సెమీ (ఒక్క నొక్కుకు ఒక్క బీబీ) ఉండదు, ఫుల్ ఆటో (నొక్కినంతసేపూ కాల్పులే) మాత్రమే. భవనాల లోపల ఫుల్ ఆటోకు అనుమతి లేని సైట్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి నడుముకు ఒక పిస్టల్ తప్పనిసరి. మీ స్థానంలో నేనుంటే ముందు ఆర్‌పీకే (ఏకే రైఫిల్ కుటుంబంలోని మెషిన్ గన్ నమూనా) తీసుకుంటాను. తేలిక, సెమీ ఉంటుంది, ఏకే మ్యాగజైన్లు సరిపోతాయి. ఒక సీజన్ ఆడి, ఈ పని మీదే అనిపిస్తే అప్పుడు ఎం249కి వెళ్లండి.

బ్రిటన్‌లో ఫుల్ ఆటోలో బీబీ శక్తికి చట్టం పెట్టిన హద్దు 1.3 జౌల్స్ (సెమీ మాత్రమే కాల్చేవాటికి 2.5). 2017 చట్టంతో వచ్చిన నిబంధన ఇది. అది దాటితే మీ చేతిలో ఉన్నది ఎయిర్‌సాఫ్ట్ గన్ కింద లెక్కకు రాదు, అసలు తుపాకీ చట్టం వర్తిస్తుంది. స్ప్రింగ్ మార్చిన ప్రతిసారీ క్రోనో (బీబీ వేగం కొలిచే పరీక్ష) చేయించుకోండి. మామూలు సైట్ పరిమితి 350 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఇన్ని అడుగులు) అంటే, 0.20 గ్రాముల బీబీతో సుమారు 1.14 జౌల్స్. అదే శక్తితో 0.30 గ్రాముల బీబీ దాదాపు 286 ఎఫ్‌పీఎస్‌తో వెళ్తుంది. నెమ్మదే కానీ గాలికి పక్కకు పోదు. సపోర్ట్ గన్‌కు నా ఓటు 0.28 లేదా 0.30కే.

ప్రశ్న: నా గన్ బాక్స్ మ్యాగజైన్ ఆట మధ్యలో బీబీలు అందించడం మానేస్తోంది. మోటార్ తిరుగుతున్న శబ్దం మాత్రం వస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: ముందు పెట్టె నుంచి గన్‌కు వెళ్లే గొట్టం చూడండి. ఎక్కడో మెలిక పడి ఉంటుంది. అది బాగుంటే పెట్టెకున్న బ్యాటరీ మార్చండి, నీరసించిన బ్యాటరీతో మోటార్ తిరుగుతుంది కానీ బీబీలను నెట్టలేదు. పెట్టెను అంచుదాకా నింపకండి. నేలలో కలిసిపోయే బయో బీబీలు వాడుతుంటే, ఆట అవగానే పెట్టె ఖాళీ చేసేయండి. తేమకు అవి ఉబ్బి ఇరుక్కుంటాయి. నేల మీద పడ్డవి ఏరి మళ్లీ పోయడం మాత్రం వద్దు, ఒక్క ఇసుక రేణువు హాప్-అప్ రబ్బరును (బీబీని వెనక్కి గిరగిరా తిప్పి వదిలే భాగం) పాడు చేస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఎం.ఎస్. చదవడానికి ఇంగ్లండ్ వెళ్లాడు. అక్కడ మెషిన్ గన్‌లాంటిది పట్టుకుని ఫొటో పంపాడు. ఆట అంటాడు. నాకు నిద్ర పట్టడం లేదు. పోలీసులు పట్టుకుంటారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, అది ఆటే. బీమా ఉన్న సైట్లలో, మార్షల్స్ అనే పర్యవేక్షకుల ముందు ఆడతారు. 18 ఏళ్లు నిండినవాళ్లకే ఆ గన్‌లు అమ్ముతారు, అచ్చం తుపాకీలా ఉండేది కొనాలంటే ఎయిర్‌సాఫ్ట్ ఆటగాడినని దుకాణంవాళ్లకు రుజువు చూపించాలి. ఇబ్బంది వచ్చేదల్లా సైట్ బయటే. నకిలీదైనా సరే, సరైన కారణం లేకుండా నలుగురిలో పట్టుకు తిరగడం అక్కడ నేరం. సంచిలో పెట్టి, కారు డిక్కీలో వేసుకుని సైట్‌కు వెళ్లాలి, అలాగే ఇంటికి రావాలి. హాస్టల్ కిటికీ దగ్గర నిలబడి ఫొటోలు దిగొద్దని చెప్పండి, చూసినవాళ్లు పోలీసులకు ఫోన్ చేస్తారు.

నేనైతే మీరు అడగాల్సింది కళ్ల గురించి అంటాను. కళ్లద్దాల మీద ఈఎన్ 166 (కంటి రక్షణ ప్రమాణం) అని, పక్కన బి అక్షరం ఉందో లేదో ఫొటో తీసి పంపమనండి. ఆ గుర్తు ఉన్నవాటిని 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండుతో, సెకనుకు 120 మీటర్ల వేగంతో కొట్టి పరీక్షిస్తారు. పళ్ల రక్షణకు ముఖం కింది భాగాన్ని కప్పే మాస్క్ కూడా పెట్టుకోమనండి. సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు గన్ మాత్రం అక్కడే ఉంచి రమ్మనండి. ఎయిర్‌పోర్టులో స్కానర్ ముందు కూర్చున్నవాళ్లకు అది తుపాకీలాగే కనిపిస్తుంది.