ఎండు ఈగా, తేలే ఈగా?

సందేహం: మాది పర్లాకిమిడి. మా అబ్బాయి కశ్మీరులో, ట్రౌట్ చేపల వేటకొచ్చే టూరిస్టులు దిగే ఒక లాడ్జిలో పనిచేస్తున్నాడు. గాలానికి ఈకలూ దారం చుట్టి, చేపకు ఎరగా నీటి మీద తేలే పురుగులా చేసే డ్రై ఫ్లైలు కట్టడం నేర్చుకున్నాడు. తన తర్వాత వచ్చే మన కుర్రాళ్ల కోసం తెలుగులో నోట్సు రాస్తూ, “ఎండు ఈగకు పెద్ద నంబరు సన్న కొక్కెం ఎంచుకోవాలి” అన్నాడు. గాలం అనాలి కదా అన్నాను నేను. ఇంట్లో మనం అనే బనిసి చాలదా అంటోంది వాళ్లమ్మ. ఏది సరైంది?

సమాధానం: గాలమే. కొక్కెం తప్పు మాటేం కాదు, దాని పని వేరు. చొక్కా తగిలించేది, తలుపుకి వేసేది కొక్కెం. చేప నోట్లో దిగేది గాలం. గేలం అన్న రూపమూ ఉంది. ఇంట్లో బనిసి అనుకోండి, ఒడియా ఇరుగుపొరుగు ఇచ్చిన మాట, మీ ఊళ్లో చెల్లుతుంది. నోట్సు కాకినాడ కుర్రాడి చేతిలో పడిందంటే మాత్రం బనిసి అంటే ఏంటండీ అంటాడు. సంస్కృతంలో బడిశం ఉందిగా అనే పండితులూ ఉంటారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి వచ్చిన ఉత్తరానికి ఆ జవాబివ్వడం నా వల్ల కాదు.

అసలు చిక్కు ‘ఎండు ఈగ’తోనే. ఎండు చేప, ఎండు రొయ్యలు, ఎండు మిరప: మనకు ఎండబెట్టిందే ఎండు. ఇక్కడ ఎండబెట్టింది ఏమీ లేదు. నీళ్లలో మునిగి తడవకుండా పైన తేలుతుంది కాబట్టి ఇంగ్లిషులో ఆ పేరు. ఈ విద్య గురించి హాల్‌ఫర్డ్ అనే ఇంగ్లండు చేపల వేటగాడు 1886లో పుస్తకం వేసినప్పుడు దాని పేరులో ‘తేలే ఈగలు’ అనే పెట్టాడు. మనమూ తేలే ఈగ, మునిగే ఈగ అందాం. ఈగ అంటే బెల్లం మీద వాలేదే కదా అని జంకొద్దు. తేనెటీగనూ కందిరీగనూ జోరీగనూ మోస్తున్న మాట, ఏటి మీద ఎగిరే పురుగును మోయలేదా? ‘కట్టడం’ మాత్రం చక్కగా కుదిరింది. మల్లెలు కట్టిన చేతికి ఆ మాట కొత్త కాదు.

ఇక ‘పెద్ద నంబరు సన్న’ అన్నచోట మీవాడు రెండు సంగతుల్ని ఒకే మూటలో కట్టేశాడు. ఈ గాలాలకు నంబరు పెరిగితే సైజు తగ్గుతుంది. 12 కంటే 14 చిన్నది, 14 కంటే 16 చిన్నది. 18కి వచ్చేసరికి ఇంచుమించు బియ్యపుగింజంత. పొందూరు నూలు తెలిసినవాళ్లకి ఇది వింతేం కాదు, కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. కాకపోతే అక్కడ నంబరు చెప్పేది సన్నదనాన్ని, ఇక్కడ చెప్పేది సైజుని. తీగ మందం వేరే లెక్క. 14లోనే లావు తీగదీ దొరుకుతుంది, సన్న తీగదీ దొరుకుతుంది. లావు తీగ బరువుకి ఈగ మునిగిపోతుంది, అందుకని సన్నది కావాలి. ‘సన్న గాలం’ అని ఊరుకుంటే చదివేవాడు చిన్న గాలం అనుకునే ప్రమాదం ఉంది. “తేలే ఈగకు సన్న తీగతో చేసిన గాలం తీసుకో. నంబరు పెరిగితే గాలం చిన్నదవుతుంది” అని రెండు వాక్యాలుగా రాయమనండి.

దారం దూర్చేదాన్ని ‘కన్ను’ అని రాసి ఉంటే కొట్టేయమనండి. సూదికి ఉన్నదే దీనికీ ఉంది, బెజ్జం. దారం చుట్టే నిలువు భాగం కాడ, చివరిది మొన. కాడకీ మొనకీ మధ్య ఖాళీకి ఎడం అంటే సరిపోతుంది. ఈ ఒక్క మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. కాడ చుట్టూ చుట్టే ఈక పోగులు ఆ ఎడానికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఉండాలంటారు. ‘గాలానికి ఒకటిన్నర రెట్లు’ అని రాశాడో, చదివినవాడు కాడ పొడవుతో కొలిచి, ఈగ బదులు చీపురు కట్టి కూర్చుంటాడు.

ఆ ఈకను హాకిల్ అంటారు. పుంజు మెడ ఈక అంటే చాలు. పుంజు మెడ సంగతి పర్లాకిమిడి కుర్రాడికి నేను చెప్పాలా!