న్యాయ సలహా: నాలుగు పేజీల్లో ఒక్కటే ఉంచండి

ప్రశ్న: లాయరమ్మ గారికి నమస్కారం. మాది విజయవాడ వన్ టౌన్. నేను ఇడ్లీ బండి పెట్టుకుని బతుకుతున్నాను. మా అబ్బాయి ఫైనాన్స్‌లో ఆటో తీసుకుని తోలుతున్నాడు. పోయిన వినాయక చవితికి నాలుగు రోజుల ముందు, 2025 ఆగస్టు 23 శనివారం రాత్రి, ఎవరిదో సెల్‌ఫోన్ పోయిందని పోలీసులు వాణ్ణి ఆటో స్టాండ్ నుంచి తీసుకెళ్లారు. సోమవారం సాయంత్రం వదిలారు. కేసు లేదు, కాగితం లేదు. రెండు రాత్రులూ కొట్టారు. పది నెలలైనా ఆ స్టేషన్ ఉన్న రోడ్డు మీదుగా వాడు బండి పోనివ్వడు. సోమవారం గ్రీవెన్స్‌లో రెండుసార్లు అర్జీ ఇచ్చాం. రసీదులు తప్ప ఏమీ రాలేదు. మా వీధిలో ఒక పెద్దాయన మానవ హక్కుల కమిషన్‌కు పిటిషన్ రాసిపెట్టారు. మా మరిది గోడ జరిపిన గొడవ, ఫైనాన్స్ వాళ్ల గొడవ కూడా అందులోనే రాయించాను, అన్నీ ఒకేసారి తేలిపోతాయని. జిరాక్స్ జత చేశాను. దీన్ని కమిషన్ తీసుకుంటుందా? చవితి వెళ్లాక పంపుదామని మా అబ్బాయి అంటున్నాడు.
ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు మీ ఆఖరి మాటకు జవాబు చెబుతాను. చవితి దాకా ఆగొద్దు. ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేయకూడదని 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం, 36(2) సెక్షన్ చెబుతోంది. ఆ ఏడాదిని ఇంగ్లిషు తేదీలతోనే లెక్కేస్తారు. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి చవితి సెప్టెంబరు 14న పడుతోంది. మీ గడువేమో ఆగస్టు నాలుగో వారంలోనే అయిపోతుంది. పండగ గుర్తు పెట్టుకుని కూర్చుంటే మూడు వారాలు దాటిపోతాయి. ఈ నెలలోనే పంపేయండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు కృష్ణలంక నుంచి ఒక తాపీమేస్త్రి మా సీనియర్ గారి ఆఫీసుకు వచ్చాడు. దాదాపు మీ అబ్బాయి కథే. దెబ్బలు మానాక చూద్దామనుకున్నాడు, తర్వాత పెద్దమనుషులు రాజీ చేస్తామంటే సరేనన్నాడు. మా మెట్లు ఎక్కేసరికి పద్నాలుగో నెల నడుస్తోంది. ఆ బాధ ఇంకా పోలేదు కాబట్టి ఉల్లంఘన ఇంకా కొనసాగుతున్నట్టేనని నేనే డ్రాఫ్టు రాశాను. పిటిషన్ తిరిగొచ్చింది. సుప్రీంకోర్టు 2003లో ఎన్.సి. ధౌండియాల్ కేసులో ఈ సంగతి తేల్చేసింది. అక్రమంగా నిర్బంధిస్తే, ఆ నిర్బంధం వీడిన రోజుతోనే ఉల్లంఘన ముగుస్తుంది, ఏడాది లెక్క అక్కడ మొదలవుతుంది. ఆ తిరుగుటపా కాగితం మేస్త్రి చేతిలో పెట్టినప్పుడు ఆయన ఏమీ అనలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నేను మరిచిపోలేదు.

ఇక పిటిషన్ సంగతి. నాలుగు పేజీల్లో మీ అబ్బాయి సంగతి ఉన్న మొదటి పేజీ ఉంచి మిగతా మూడూ తీసేయండి. గోడ గొడవ మీకూ మీ మరిదికీ మధ్య ఉన్న సివిల్ తగాదా. మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఒక స్థలం గొడవ కమిషన్ దాకా వెళ్తే, హక్కు ఎవరిదో, స్వాధీనం ఎవరిదో తేల్చే పని కమిషన్‌ది కాదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫైనాన్స్ గొడవ ప్రైవేటు కంపెనీతో చేసుకున్న ఒప్పందానికి సంబంధించింది. అదీ అక్కడికి రాదు. మూడింటినీ ఒకే మూటలో కడితే, చదివే గుమాస్తా కన్ను ముందు గోడ మీద పడుతుంది, మీ అబ్బాయి గొడవ వెనక్కి పోతుంది. గోడ విషయం సివిల్ కోర్టులో చూసుకోవాలి. లాయరు ఫీజు గురించి భయపడకండి, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు. 15100కు ఫోన్ చేయండి.

మొదటి పేజీని మాత్రం కమిషన్ కచ్చితంగా చూడాలి. ప్రభుత్వోద్యోగి మనిషి ప్రాణం, స్వేచ్ఛ, గౌరవం జోలికి వస్తే విచారించడానికే అది ఉంది. ఎవరినైనా పట్టుకెళ్తే 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం అంటోంది. శనివారం రాత్రి నుంచి సోమవారం సాయంత్రం దాకా ఎన్ని గంటలో మీరే లెక్కేయండి. మధ్యలో ఆదివారం వచ్చిందన్న సాకు చెల్లదు. సెలవు రోజుల్లోనూ మేజిస్ట్రేట్ ఉంటారు.

పోలీసులు రాష్ట్ర జాబితాలోని అంశం కాబట్టి రాష్ట్ర కమిషన్‌కే పంపండి. (మన రైల్వే జంక్షన్లో ఆర్పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం వాళ్లు పట్టుకెళ్లి ఉంటే ఢిల్లీలోని జాతీయ కమిషన్‌కు రాయమనేదాన్ని. వాళ్లు కేంద్రం కిందికి వస్తారు.) రెండు చోట్లా వెయ్యకండి. రాష్ట్ర కమిషన్ ముందున్న విషయాన్ని జాతీయ కమిషన్ ముట్టుకోదు. కలెక్టరుకు రాసి, కింద 'నకలు: మానవ హక్కుల కమిషన్' అని పెట్టడం వల్లా లాభం లేదు. కమిషన్ పేరు మీదే, సంతకంతో, తెలుగులోనే రాసి స్పీడ్ పోస్టులో పంపండి. ఫీజు ఏమీ లేదు.

మీరు జత చేసిన ఆసుపత్రి ఓపీ చీటీని చాలాసేపు చూశాను. తేదీ ఆగస్టు 26. పైన 'బాత్రూములో జారి పడ్డాడు' అని ఉంది. కింద అదే చేతిరాతతో 'రెండు అరికాళ్లూ వాపు, అడుగు వేస్తే నొప్పి' అని ఉంది. జారిపడ్డవాడికి మోచెయ్యో నడుమో తగులుతుంది. రెండు అరికాళ్లూ ఒకేలా ఎందుకు వాస్తాయి? భయపడి డాక్టరుకు అలా చెప్పామని పిటిషన్లో ఒక్క వాక్యం రాయండి. దాచారో, అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు. ఏ స్టాండ్, ఎన్ని గంటలకు, ఎంతమంది వచ్చారు, యూనిఫామ్‌లో ఉన్నారా, స్టాండ్‌లో చూసిన డ్రైవర్లు ఎవరు, ఇవన్నీ రాయండి. గ్రీవెన్స్ రసీదులు రెండూ జత చేయండి. ఉల్లంఘనను ఆపడంలో అధికారి నిర్లక్ష్యం చేస్తే, దాన్నీ విచారించే అధికారం కమిషన్‌కు ఉంది.

ఇంకొకటి, మరీ ముఖ్యమైనది. స్టేషన్ సీసీ కెమెరాల రికార్డింగ్ 18 నెలలు ఉంచాలని, ఏ పరిస్థితిలోనూ ఏడాదికి తగ్గకూడదని 2020 డిసెంబరులో పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీకు పది నెలలు గడిచిపోయాయి. ఆగస్టు 23 రాత్రి నుంచి 25 సాయంత్రం దాకా ఉన్న ఫుటేజీని భద్రపరిచి తెప్పించమని పిటిషన్ చివర విడిగా కోరండి. రికార్డులు తెప్పించడంలో, సాక్షులను పిలిపించడంలో కమిషన్‌కు సివిల్ కోర్టుకు ఉన్నంత అధికారం ఉంది.

ఇంతా చేశాక కమిషన్ వాళ్లకు శిక్ష వేస్తుందా అంటే, వేయదు. నష్టపరిహారం ఇవ్వమనో, ప్రాసిక్యూట్ చేయమనో ప్రభుత్వానికి సిఫార్సు చేస్తుంది. నెలలోపు ఏం చేశారో ప్రభుత్వం చెప్పాలి. ఆ సిఫార్సుకు కట్టుబడాల్సిందేనని 2021లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ తీర్పిచ్చింది. అది మన హైకోర్టు మాట కాకపోయినా చూపించుకోవచ్చు. ప్రభుత్వం కదలకపోతే నేలపాడులో మన హైకోర్టు ఉంది. ఒడిశాలో కొడుకును లాకప్‌లో పోగొట్టుకున్న నీలబతి బెహెరా అనే తల్లి 1988లో సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే రిట్‌గా తీసుకుని 1993లో ఆమెకు 1,50,000 రూపాయలు ఇప్పించారు. మీ అబ్బాయి బతికి ఇంటికొచ్చాడు, తన నోటితో తను చెప్పగలడు. పిటిషన్ మీద వాడి చేత కూడా సంతకం పెట్టించండి. వాడు భయపడితే మీరొక్కరే పంపండి, బాధితుడి తరఫున ఎవరైనా పంపవచ్చు.

ప్రశ్న: మాది గుంటూరు అరండల్‌పేట. నాన్నగారిని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పదకొండు రోజులు ఉంచాం. ఆయన దక్కలేదు. కేస్ షీట్ అడిగితే రేపు రమ్మంటూ రెండు నెలలుగా తిప్పుతున్నారు. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

జవాబు: నేరుగా వెళితే, అది ప్రైవేటు సంస్థ అని పక్కన పెట్టేస్తారు. మీకు దగ్గర దారి వేరే ఉంది. రోగి గానీ, ఆయన తరఫువాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి, 2002 చెబుతోంది. నోటిమాటగా అడగడం మానేసి, రాసిచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. ఇవ్వకపోతే జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి, అంటే డీఎంహెచ్‌ఓకు ఫిర్యాదు చేయండి. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ చూసేది ఆయనే. వైద్యంలో లోపం జరిగిందన్న అనుమానం ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, దానికి రెండేళ్ల గడువు.

మీ ఫిర్యాదును డీఎంహెచ్‌ఓ ఆఫీసులోనే తొక్కిపెడితే, అప్పుడు మానవ హక్కుల కమిషన్‌కు రాయడానికి దారి దొరుకుతుంది. విధి చేయనిది ప్రభుత్వోద్యోగి కాబట్టి నర్సింగ్ హోమ్ మీద కాకుండా ఆ నిర్లక్ష్యం మీదే ఫిర్యాదు రాయాలి. అందుకే ఇప్పుడు ఇచ్చే అర్జీ మీద ఆఫీసు ముద్ర, తేదీ తప్పకుండా వేయించుకోండి. నాన్నగారి పేరు, ఐపీ నంబరు బిల్లు మీద ఉన్నట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా రాయండి.